తలుపు మీద టేపు ముక్క

మా పెద్ద కోచ్‌ని అక్టోబరు మొదటి సోమవారం పీకేశారు. అయిదు ఆటల్లో నాలుగు ఓడాడు మరి. మధ్యాహ్నానికల్లా ఆయన గది తలుపు మీదున్న ఇత్తడి పేరు పలక ఊడదీశారు. సాయంత్రానికి దాని స్థానంలో తెల్ల టేపు ముక్క ఒకటి వెలిసింది. ఆటకి ముందు కుర్రాళ్ల చీలమండలకి చుట్టే టేపే అది. దాని మీద నల్ల పెన్నుతో "డెల్ ప్రూయెట్, తాత్కాలిక కోచ్" అని రాసి ఉంది.

అందులో ఆ "తాత్కాలిక" అన్న మాటంటే నాకెంత ఇష్టమో చెప్పలేను. పొద్దున్నే కాఫీ కప్పు పట్టుకుని ఆ తలుపు ముందునుంచి వెళ్తూ ఒక్క క్షణం ఆగి చదువుకునేవాణ్ణి. అది చదివాకే కాఫీ రుచిగా అనిపించేది.

నా పేరు వాల్ట్ ఓస్ట్రాండర్. నెబ్రాస్కాలో మొక్కజొన్న చేల మధ్య ఉన్న ఎల్డన్ క్రీక్ అనే చిన్న కాలేజీలో ఇరవై రెండేళ్లుగా డిఫెన్స్ చూస్తున్నాను. అంటే అవతలివాళ్లు బంతి పట్టుకుని మీదికొస్తుంటే ఆపే పదకొండు మందికి నేను గురువుని. ఫుట్‌బాల్ అంటే మా దగ్గర హెల్మెట్ పెట్టుకుని, బంతి చంకలో ఇరికించుకుని ఒకణ్ణొకడు గుద్దుకునే ఆట. కాలితో ఆడే ఆ రెండోదాన్ని మేం సాకర్ అంటాం, పెద్దగా పట్టించుకోం. నేనొచ్చాక పెద్ద కోచ్ కుర్చీ మూడుసార్లు ఖాళీ అయింది. మూడుసార్లూ దరఖాస్తు పెట్టాను. మొదటి రెండుసార్లు, "నువ్వు పైకి వెళ్లిపోతే డిఫెన్స్ ఏమైపోతుంది వాల్ట్?" అని భుజం తట్టి పంపించారు. పని బాగా చేసినందుకు ఎదగకుండా పోయినవాణ్ణి ఎక్కడైనా చూశారా? అద్దంలో నేను రోజూ చూస్తున్నాను.

ఈసారి కనీసం తాత్కాలికంగానైనా నాకే ఇస్తారనుకున్నాను. క్రీడా విభాగం డైరెక్టర్ గ్వెన్ హాల్వర్సన్ నన్ను పిలిచి కూర్చోబెట్టి, నీళ్లు నమలకుండా చెప్పేసింది.

"డెల్‌కి ఇస్తున్నాను. కుర్రాళ్లు అతని మాట వింటున్నారు."

"నా మాట వినట్లేదా?"

"మీ మాటకి భయపడుతున్నారు. రెండూ ఒకటి కాదు."

డెల్ వయసు ముప్ఫై నాలుగు. పద్దెనిమిదేళ్ల వయసులో, బుగ్గల మీద మొటిమలతో మా కాలేజీకి వచ్చాడు. వాడికి నిలబడటం నేర్పింది నేను, కళ్లు ఎక్కడ పెట్టాలో నేర్పింది నేను. మూడో ఏడు ప్లమ్ రివర్ కాలేజీ మీద ఆటలో, అవతలివాళ్లు బంతిని తన్నుతామని నటించి ఎత్తుకుని పరిగెడితే, వీడొక్కడే కనిపెట్టి పడగొట్టాడు. ఆ ఫోటో ఇప్పటికీ మా ఆఫీసు వసారాలో వేలాడుతోంది. కనిపెట్టే కిటుకు వాడికి చెప్పింది ఎవరనుకున్నారు? "తన్నేవాడి కాళ్లు చూడరా. నిజంగా తన్నేవాడు మూడడుగులు వెనక్కి, రెండడుగులు పక్కకి కొలుచుకుంటాడు. తన్నే ఉద్దేశం లేనివాడు బద్ధకిస్తాడు, ఊరికే నిలబడతాడు." ఇరవై రెండేళ్లలో నేను కనిపెట్టిన సొంత విద్య అదొక్కటే. దాన్ని వాడికి ఊరికే ఇచ్చేశాను.

టేపు అంటించిన సాయంత్రమే వాడు నా గదికొచ్చి, టోపీ చేతిలో నలుపుకుంటూ గుమ్మంలో నిలబడ్డాడు.

"కోచ్, ఇది మీకు రావాల్సింది. ఒట్టు, నేనడగలేదు."

"తెలుసులేరా. పో, పని చూసుకో."

వాడు ఆ మాట అనకుండా ఉంటే బాగుండేది. మిడిసిపడి ఉంటే హాయిగా తిట్టుకునేవాణ్ణి.

తరవాత వాడు గెలవడం మొదలుపెట్టాడు. ఒకటి, రెండు, వరసగా నాలుగు. ఊళ్లో మంగలి దగ్గర్నుంచి పెట్రోలు బంకులో అమ్మాయి దాకా అందరి నోటా డెల్ పేరే. నాలుగింటిలోనూ మా డిఫెన్స్ అవతలివాళ్లని పదిహేడు పాయింట్లు దాటనివ్వలేదు. ఆ సంగతి ఎవడికీ పట్టలేదు. మైదానంలో ఎవరైనా "కోచ్!" అని కేకేస్తే అలవాటు కొద్దీ తిరిగి చూసేవాణ్ణి. వాళ్లు వాణ్ణి పిలుస్తుండేవాళ్లు. నేను అందరికీ వాల్ట్‌నైపోయాను. నన్నింకా "కోచ్" అని పిలిచేది డెల్ ఒక్కడే. పదహారేళ్లలో వాడి నోట నా పేరు రాలేదు. నా మీద అధికారి అయ్యాక కూడా "కోచ్, మీరేమంటారు?" అనే అడిగేవాడు.

ఇంకొక్కటి చెబుతాను, నవ్వుకోండి. మా భోజనశాలలో వడ్డించే మే అనే ఆవిడ గురువారాలు చిల్లీ అనే మాంసం కూర పక్కన, దాల్చినచెక్క వేసి చుట్టిన తియ్యటి రొట్టె, రోల్ ఇస్తుంది. ఇరవై ఏళ్లుగా నాకు ట్రే మధ్యలోది, మెత్తగా, చక్కెర పాకం కారేది దాచి ఉంచేది. నవంబరులో ఒక గురువారం పళ్లెం చాపితే అంచున గట్టిపడినది వేసింది.

"మధ్యలోది ఏది మే?"

"కోచ్‌కి తీసి పెట్టాను బంగారం. పాపం, చిక్కిపోయాడు."

ఆ గట్టి రోల్ తింటుంటే నాకు నిజంగా కళ్లల్లో నీళ్లు తిరిగాయి. యాభై ఏడేళ్లవాణ్ణి, రొట్టెముక్క కోసం కుళ్లుకుని చచ్చాను.

చివరి ఆట ప్లమ్ రివర్ మీద. ఆ ముందు బుధవారం గ్వెన్ మా అందర్నీ పిలిచింది.

"శనివారం గెలిస్తే డెల్‌ని శాశ్వతం చేస్తాను. ఓడితే మాత్రం బయట వెతకమని కాలేజీ పెద్దలు పట్టుబడుతున్నారు. మీలో ఎవరైనా మళ్లీ దరఖాస్తు పెట్టుకోవచ్చు."

ఆ చివరి మాట నాకోసమే అన్నదనిపించింది. ఓడితే. ఆ మాట జేబులో వేసుకుని ఇంటికెళ్లాను. మా ఆవిడ లొరేన్ నా మొహం చూడగానే పసిగట్టింది.

"ఏంటి, కడుపులో మంట తగ్గిందా ఎక్కువైందా?"

"నాకేం మంట?"

"అబ్బో! నిద్దట్లో కూడా పళ్లు నూరుతున్నావు. చూడు వాల్ట్, వాడు ఓడితే బయటివాడొస్తాడు. బయటివాడొస్తే తన మనుషుల్ని వెంటేసుకొస్తాడు. నీ సామాను అట్టపెట్టెలో సర్దిస్తాడు. వాడు గెలిస్తే నీ ఉద్యోగం ఉంటుంది. ఇంత చిన్న లెక్క తెలీదా నీకు?"

"ఓడితే నాకే ఇవ్వచ్చుగా?"

ఆవిడ గిన్నె తుడుస్తూ నా వంక చూసింది. జాలిపడింది. అది చాలు, మిగిలిన మంట కూడా అంటుకోవడానికి.

శనివారం ఆకాశం బూడిదరంగులో ఉంది, గాలి కోస్తోంది. ఆట రోజున నా చోటు ప్రేక్షకుల మెట్ల నెత్తినుండే గాజు గది. అక్కడినుంచి మైదానం మొత్తం అరచేతిలో ఉన్నట్టు కనిపిస్తుంది. కింద గీత పక్కన నిలబడేవాళ్లకి ఎదురుగా వీపులు తప్ప ఏమీ కనబడవు. అందుకే పైవాడు చూసి చెవిలో చెప్పాలి, కిందవాడు నమ్మాలి. మా ముగ్గురి తలలకీ హెడ్‌సెట్లు ఉంటాయి: నాకు, డెల్‌కి, డెల్ పక్కన నిలబడే ఏమోస్‌కి. ఏమోస్ నాకంటే ముసలివాడు, బరువైన కుర్రాళ్లకి తోయడం నేర్పుతాడు. ఒకడు చెప్పింది ముగ్గురికీ వినబడుతుంది.

తొమ్మిది సెకన్లు మిగిలాయి. మేం ఇరవై, వాళ్లు పదిహేడు. బంతి వాళ్లది, మా గీతకి ఎనిమిది గజాల దూరంలో ఉంది. కర్రల మధ్యనుంచి తన్నితే మూడు పాయింట్లు, సమమవుతుంది. ఎత్తుకుని గీత దాటితే ఆరు, మా పని అయిపోయినట్టే. వాళ్లు తన్నేవాణ్ణి పంపారు. ఒకడు బంతి పట్టి నిలబెట్టడానికి మోకాలి మీద కూర్చున్నాడు. తన్నేవాడు వచ్చి అతని వెనక నిలబడ్డాడు.

ఊరికే నిలబడ్డాడు. నడుం మీద చేతులు పెట్టుకుని, బస్సు కోసం చూస్తున్నవాడిలా నిలబడ్డాడు. మూడడుగులు వెనక్కి వెయ్యలేదు, రెండడుగులు పక్కకి వెయ్యలేదు. చెవిలో డెల్ గొంతు వినిపించింది.

"కోచ్, నాకు అడ్డంగా ఉన్నారు, కనబడట్లేదు. కొలిచాడా?"

ఆ కిటుకు నాది. ఆ ప్రశ్న వాడు నా దగ్గర నేర్చుకున్నది. ఆలోచించి చెప్పలేదని అంటే మీరు నమ్మరు, నేనూ నమ్మను. మే దాచిపెట్టిన రోల్ దగ్గర్నుంచి లొరేన్ జాలి చూపు దాకా అన్నీ ఆ రెండు సెకన్లలో నా కళ్ల ముందు తిరిగాయి.

"కొలిచాడు," అన్నాను.

"సరే! అందరూ మీదికి! బంతికి చెయ్యి తగలాలి!" అని డెల్ కింద అరిచాడు.

నా పదకొండు మందీ ముందుకి దూకారు. మోకాలి మీదున్నవాడు బంతి ఎత్తుకుని పక్కకి లేచాడు. ఆ పక్కన గడ్డి తప్ప ఎవరూ లేరు. వాడు పరిగెత్తాల్సిన పని కూడా లేకపోయింది, నడిచి వెళ్లినా సరిపోయేది. ఇరవై మూడు, ఇరవై. గంట మోగింది.

గెలుపోటములు నాకు కొత్త కాదు. కాని కిందికి దిగి వచ్చేసరికి నా డిఫెన్స్ నాయకుడు కోబీ ష్రేడర్ హెల్మెట్ తియ్యకుండా బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. అది ఆ పిల్లాడి ఆఖరి ఆట. వచ్చే ఏడు వాళ్ల నాన్న పశువుల దగ్గర ఉంటాడు.

"నేను చూసుకోవాల్సింది," అన్నాడు. "వెనక ఒకణ్ణి ఉంచాల్సింది. నాదే తప్పు."

కాదురా అనడానికి నోరు తెరిచాను. వాడి హెల్మెట్ మీద తట్టి వెళ్లిపోయాను.

ఆట అయ్యాక విలేఖర్లతో మాట్లాడటం ఆనవాయితీ. మా ఊరికి విలేఖర్లంటే ఇద్దరే, ఒకడు పత్రికవాడు, ఒకడు రేడియోవాడు. డెల్ బల్ల వెనక కూర్చుని మాట్లాడుతుంటే, నేను గుమ్మం పక్కన గోడకి ఆనుకుని విన్నాను.

"చివర్లో అందర్నీ ముందుకి ఎందుకు పంపారు? పైనుంచి తప్పు కబురొచ్చిందా?" రేడియోవాడు అడిగాడు.

"లేదు," అన్నాడు డెల్. "పైనున్నాయన తప్పేం లేదు. పిల్లల తప్పు అసలే లేదు. వెనక ఇద్దర్ని ఆపి ఉండొచ్చు, ఆపలేదు. ఆ నిర్ణయం నాది, ఓటమి కూడా నాదే."

నేను పొరపడ్డానని అనుకుంటున్నాడు వాడు. ముసలాయన కళ్లు మోసం చేశాయనుకుని నన్ను కాస్తున్నాడు. నాకు సిగ్గేసింది. నిజం చెప్పాలంటే సిగ్గుకంటే ముందు ఇంకో సంగతి తోచింది: ఆ బల్ల వెనక నేనుంటే ఆ మాట అనలేకపోయేవాణ్ణి. ఎవడో ఒకడి పేరు చెప్పేవాణ్ణి. ఆ మాట మీద కూడా వాడంటే నాకు మండింది.

ఆదివారం చర్చి అయ్యాక కోచ్‌లందరం ఫిల్మ్ గదిలో కూర్చుంటాం. గెలిచినా ఓడినా అది తప్పదు. గోడ మీద ముందురోజు ఆట ఒక్కొక్క ముక్కే నడుస్తుంది. ఒక్కొక్క ముక్కకి ఎవడు పని సరిగ్గా చేశాడో వాడి పేరు పక్కన ప్లస్, ఎవడు చెడగొట్టాడో వాడి పక్కన మైనస్. మేం కూడా మినహాయింపు కాదు. సాకులకి ఆ గదిలో చోటు లేదు. ఆ సంగతి నాకన్నా బాగా తెలిసినవాడు లేడు, అయినా శనివారం గాజు గదిలో అది నాకు గుర్తే రాలేదు. ఇరవై రెండేళ్లుగా ప్రతి ఆదివారం చూసిన ఫిల్మ్‌ని మర్చిపోయాను.

రిమోట్ డెల్ చేతిలో ఉంది. చివరి ముక్క వచ్చింది. తన్నేవాడు గోడ మీద మనిషంత ఎత్తున వచ్చి, నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు. డెల్ ఆపాడు. వెనక్కి తిప్పాడు. మళ్లీ వచ్చాడు, మళ్లీ ఊరికే నిలబడ్డాడు. ఇంకోసారి తిప్పాడు. ఏమోస్ ఒకసారి దగ్గాడు.

"వాల్ట్, నువ్వు కొలిచాడన్నావు కదా," అన్నాడు మెల్లగా. "నేనూ విన్నాను."

నేను గోడ వంకే చూస్తున్నాను. ఇప్పుడైనా ఒక్కడుగు వెయ్యరా అని మనసులో ఆ తన్నేవాణ్ణి బతిమాలుకున్నాను కూడా.

డెల్ నా వైపు తిరగలేదు. ప్లస్‌లూ మైనస్‌లూ రాసే కాగితం దగ్గరికి లాక్కున్నాడు. ఆ ముక్క ఎదురుగా తన పేరు వెతుక్కుని మైనస్ పెట్టుకున్నాడు. నా పేరు పక్కన ఏమీ రాయలేదు.

"పదండి," అన్నాడు. "అయిపోయింది."

సోమవారం పదింటికి గ్వెన్ అందర్నీ హాల్లోకి పిలిచింది. బయట వెతకడం గురించి చెబుతుందనుకున్నాను. నా దరఖాస్తు కోటు లోపలి జేబులో ఉంది. అవును, ఆదివారం ఫిల్మ్ చూసొచ్చాక కూడా కూర్చుని రాశాను.

"వెతకడం లేదు," అంది గ్వెన్. "కాలేజీ పెద్దలు డెల్ శనివారం మాట్లాడింది రేడియోలో విన్నారు. నేనిక్కడ ముగ్గురు కోచ్‌లని చూశాను. ఓడిన ప్రతిసారీ ముగ్గురూ కిందివాళ్ల మీదికి తోసేశారు. ఇతను తన మీద వేసుకున్నాడు. గెలిచి ఉంటే మాకా సంగతి తెలిసేది కాదు. ఇవాళ్టినుంచి డెల్ మన కోచ్. తాత్కాలికం కాదు."

కుర్రాళ్లు బల్లలు చరిచారు. కోబీ ఈల వేశాడు. నేనూ చప్పట్లు కొట్టాను. వాణ్ణి కూలదొయ్యాలని చేసిన పనే వాణ్ణి కుర్చీలో కూర్చోబెట్టింది. చప్పట్లు కొడుతుంటే అరచేతులు మండాయి.

మధ్యాహ్నం డెల్ పిలిచాడు. నేను వెళ్లేసరికి తలుపు మీద టేపు ముక్క లేదు. జిగురు మరక మాత్రం ఉంది. నన్ను తీసేస్తాడని తెలుసు. దారిలో అనాల్సిన మాటలన్నీ పేర్చుకుని వెళ్లాను. గురువుని ఇలా పంపేస్తావా అని ఒకటి, ఇంత చిన్న పొరపాటుకా అని ఇంకొకటి.

"కూర్చోండి."

కూర్చున్నాను.

"వచ్చే ఏడు కూడా డిఫెన్స్ మీరే చూడాలి," అన్నాడు.

పేర్చుకున్న మాటలు ఒక్కటీ పనికిరాలేదు.

"ఎందుకు?"

"మీకంటే బాగా నేర్పేవాడు నాకు దొరకడు కాబట్టి. కోబీ తరవాత వచ్చే పిల్లలకి కూడా మీరు కావాలి."

"డెల్, శనివారం..."

"వద్దు." చెయ్యి అడ్డం పెట్టాడు. "నేను చూశాను. మూడుసార్లు చూశాను. మీ నోటినుంచి కూడా వినాల్సిన అవసరం లేదు."

కిటికీ అవతల ఎవరో మైదానం మీద గీతలు చెరిపేస్తున్నారు. వాడు అటు తిరిగాడు. వాడి కళ్ల కింద నల్లగా ఉంది, మే చెప్పింది నిజమే, చిక్కిపోయాడు.

"ఒక్కటే మార్పు," అన్నాడు. "ఇకమీద పై గదిలో వద్దు. ఆట రోజు కింద నా పక్కన నిలబడండి."

"కిందనుంచి నాకేం కనబడుతుందిరా? వీపులు తప్ప."

"మీకేం కనబడకపోయినా ఫర్వాలేదు. నాకు మీరు కనబడాలి."

లేచాను. వాడూ లేచి, బల్ల చుట్టూ తిరిగొచ్చి, తలుపు తీసి పట్టుకున్నాడు. పద్దెనిమిదేళ్లప్పుడు కూడా నాకు తలుపు ఇలాగే పట్టుకునేవాడు.

"రేపు తొమ్మిదింటికి మీటింగు," అన్నాడు. "ఆలస్యం చెయ్యకండి, వాల్ట్."

గొంతులో కోపం లేదు. మామూలుగానే అన్నాడు, అందరూ పిలిచినట్టే పిలిచాడు. ఆ పేరు మా అమ్మ పెట్టింది, లొరేన్ రోజుకి వందసార్లు పిలుస్తుంది. వాడి నోట విన్నాక అది నా పేరులా అనిపించలేదు.

వసారాలో ఏమోస్ గోడకి చేరబడి నాకోసం చూస్తున్నాడు.

"తీసేశాడా?"

"లేదు. ఉండమన్నాడు."

"మరి ఆ మొహమేంటి, చావు కబురు విన్నట్టు? అదృష్టవంతుడివి, పోయి భోజనం చెయ్యి."

భోజనశాల వైపు నడిచాను. వాడి పాత ఫోటో దాటాను. అందులో వాడు అవతలివాణ్ణి నడుం పట్టుకుని పడగొడుతున్నాడు, వెనక మూలన చిన్నగా నేను, రెండు చేతులూ పైకెత్తి గంతులేస్తున్నాను. నా వెనకనుంచి ఎవరో గట్టిగా, సంతోషంగా "కోచ్!" అని కేకేశారు.

నేను తిరిగి చూడలేదు.